సాగని దారం, సాగే గుడ్డ

ఉతికి ఉతికి పల్చబడిన బనియన్ ఒకటి, పాత నూలు పంచె ఒకటి తీసుకుని రెండు చేతులా అంచులు పట్టి లాగి చూస్తే, అల్లిక వెనకున్న భౌతికశాస్త్రం సగం వేళ్లకే తెలిసిపోతుంది. రెండూ పత్తి దారంతో చేసినవే. పంచెను నిలువుగా లాగినా అడ్డంగా లాగినా బిర్రబిగుసుకుపోతుంది. ఏటవాలుగా, మూల నుంచి మూలకు లాగితే మాత్రం కాస్త సాగుతుంది. బనియన్ అలా కాదు. అడ్డంగా లాగితే ఎంతో వెడల్పుకు సాగి, వదలగానే తన కొలతకు తాను వచ్చేస్తుంది. పత్తి దారం తెగేలోపు నూటికి పది పాళ్లు కూడా సాగదు. మరి సాగని దారంతో సాగే గుడ్డ ఎలా తయారైంది?

పంచె నేత బట్ట. మగ్గం మీద పడుగు దారాలు బిగదీసి ఉంటాయి, పేక దారం వాటి మీదుగా, కిందుగా అడ్డంగా సాగిపోతుంది. దారాలు దాదాపు తిన్నగానే ఉంటాయి కాబట్టి గుడ్డను లాగడమంటే దారాన్ని లాగడమే. బనియన్ అల్లిక బట్ట. భూతద్దం పెట్టి చూస్తే బయటివైపు సన్నని ‘వి’ ఆకారాలు నిలువు వరుసల్లో ఒకదానిపై ఒకటి కూర్చున్నట్టు కనిపిస్తాయి. లోపలివైపు తిప్పితే అడ్డంగా చిన్న చిన్న అలలు. అందులో దారం తిన్నగా ఉన్న చోటు ఒక్కటీ లేదు. ప్రతి లూపూ కింది వరుస లూపులోంచి పైకి వచ్చి, పై వరుస లూపును పట్టి ఉంచుతుంది. గుడ్డను లాగినప్పుడు దారం సాగదు, లూపు రూపం మారుతుంది. నిలువుగా ఉన్న లూపు అడ్డంగా పరుచుకుంటుంది, దారం ఒక లూపు నుంచి పక్క లూపులోకి కొద్దిగా జారుతుంది. వంచిన దారం తిన్నబడాలని చూస్తుంది కాబట్టి, చెయ్యి వదలగానే లూపు మళ్లీ పాత రూపానికి వస్తుంది. దారానికి దారానికి మధ్య ఉండే రాపిడి ఆ జారుడును అదుపులో ఉంచుతుంది. గుడ్డకు వచ్చిన ఈ గుణం పత్తిది కాదు, ఆకారానిది.

తరతరాలుగా అల్లేవాళ్ల వేళ్లకు తెలిసిన ఈ సంగతిని భౌతికశాస్త్రం లెక్కకట్టడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మాట్సుమోటో బృందం ఒకే దారంతో నాలుగు రకాల అల్లికలు అల్లి, ఒక్కోటీ ఎంత బలానికి ఎంత సాగుతుందో కొలిచి, కంప్యూటర్ నమూనాలతో పోల్చి 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించింది. లూపును ముందువైపుకు లాగితే నిట్ కుట్టు, వెనకవైపుకు లాగితే పర్ల్ కుట్టు. ఉన్నవి ఈ రెండే. వీటిని ఏ వరుసలో పేర్చామన్నదాన్నిబట్టి అదే దారం ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా, ఒక దిక్కున బాగా సాగేదిగా, మరో దిక్కున మొరాయించేదిగా మారుతుంది. స్వెట్టరు మణికట్టు దగ్గర, నడుము దగ్గర కనిపించే నిలువు గాళ్ల పట్టీ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ నిట్, పర్ల్ కుట్లు నిలువు వరుసలుగా మారిమారి వస్తాయి. నిట్ వరుసలు ముందుకు ఉబుకుతాయి, పర్ల్ వరుసలు వెనక్కి నొక్కుకుంటాయి. దాంతో పట్టీ దానంతట అదే ముడుచుకుని చేతికి అంటిపెట్టుకుంటుంది. ఎలాస్టిక్ అక్కర్లేదు.

పాత టీషర్టును కత్తెరతో కోస్తే కింది అంచు ముందువైపుకు చుట్టుకుపోవడం చాలామంది చూసే ఉంటారు. పక్క అంచులైతే వెనక్కి చుట్టుకుంటాయి. అదీ లూపుల పనే. అన్నీ ఒకే దిక్కుకు వంగి ఉన్నందువల్ల పట్టి ఉంచేది లేని అంచుల్లో ఆ వంపు బయటపడుతుంది.

ఇంట్లోవాళ్లకు చేత్తో చేసి ఏదైనా ఇవ్వాలనుకున్నవాళ్లు ఇన్ని దేశాల్లో అల్లికవైపే మొగ్గడానికి కారణం కూడా ఈ లూపులోనే ఉంది. మనిషి ఒళ్లు ఎక్కడా చదునుగా ఉండదు. తల గుండ్రం, మడమ ఒక వంపు, భుజం ఇంకో వంపు. మగ్గం ఇచ్చేది మాత్రం చదునైన, నాలుగు మూలల గుడ్డ. తెలుగునేల ఆ చదును గుడ్డనే చీరగా, పంచెగా, ఉత్తరీయంగా ఒంటికి చుట్టుకునే నేర్పును పెంచుకుంది. చుట్టుకునే బట్ట ఎవరికైనా సరిపోతుంది, అది దాని గొప్ప. అల్లిక దారి వేరు. అందులో గుడ్డ, ఆకారం ఒకేసారి పుడతాయి. ఒక కుట్టు పెంచితే వెడల్పవుతుంది, రెండు కుట్లను ఒకటి చేస్తే ఇరుకవుతుంది. వరుసను సగంలో ఆపి వెనక్కి తిప్పితే మడమకు సరిపడే సంచీ తయారవుతుంది. కత్తెర, కుట్టుమిషను అవసరం లేకుండానే గుడ్డ ఒక ఫలానా మనిషి ఒంటి వంపును అందుకుంటుంది.

మ్యూజియంల్లో మిగిలిన పాత అల్లికల్లో మేజోళ్లు ఎక్కువగా కనిపించడం అందుకేనేమో. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టులోని ఆంటినోపొలిస్ చెత్తదిబ్బల్లో దొరికిన ఒక చిన్న ఊలు మేజోడు ఉంది. వయసు సుమారు 1,700 ఏళ్లు. పసిపిల్ల ఎడమ కాలిది. చెప్పు పట్టీ దూరేలా బొటనవేలికి విడిగా అర, ఒంటినిండా రంగురంగుల చారలు. 2018లో శాస్త్రవేత్తలు దాన్ని ముట్టకుండా, రకరకాల కాంతుల్లో ఫొటోలు తీసి ఆ రంగుల గుట్టు విప్పారు. మ్యాడర్ వేరు నుంచి ఎరుపు, వోడ్ ఆకు నుంచి నీలం, వెల్డ్ మొక్క నుంచి పసుపు. ఈ మూడింటినే కలిపి, ఒకదాని మీద ఒకటి అద్ది అన్ని చాయలూ తెప్పించారు. నెలల్లో పొట్టయిపోయే పసికాలికి అంత శ్రమపడి రంగులు వేసినవాళ్లెవరో తెలియదు. ఆ కాలు మాత్రం వాళ్లకు బాగా తెలిసిన కాలే అయివుండాలి.

అయితే అది ఈనాటి అర్థంలో నిట్టింగ్ కాదు. ఒంటిసూదితో, పొట్టి దారం ముక్కను ప్రతి లూపులోంచీ కొస దాకా లాగుతూ చేసిన పని. అలా చేసినది లాగినా ఊడదు. రెండు సూదుల నిట్టింగులో దారం కొస ఎక్కడికీ దూరదు, మధ్య దారాన్నే లూపుగా పైకి లాగుతారు. కాబట్టి ఉండ ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, పని వేగంగా సాగుతుంది, తప్పు జరిగితే కొస లాగి విప్పేయవచ్చు. ఇలా అల్లినవాటిలో మనకు దొరికిన తొలి మేజోళ్లు కూడా ఈజిప్టువే. తెల్ల పత్తి, నీలిరంగు పత్తి కలిపి అల్లినవి, సుమారు వెయ్యేళ్ల నాటివి. అక్కడినుంచి ఈ విద్య యూరప్ చేరింది. 1400 ప్రాంతంలో జర్మన్ చిత్రకారుడు మాస్టర్ బెర్ట్రామ్ బుక్స్‌టెహూడె చర్చి కోసం వేసిన బొమ్మల్లో ఒకదానిలో మరియమ్మ నాలుగు సూదులతో కొడుక్కి చొక్కా అల్లుతూ ఉంటుంది. మెడ దగ్గరి చుట్టు నడుస్తోంది, ఎక్కడా అతుకు లేదు. దేవుడి తల్లిని కూడా బిడ్డకు బట్ట అల్లే అమ్మగా చూపాలని అనిపించిందంటే, ఆనాటి జర్మన్ ఇళ్లలో ఆ దృశ్యం ఎంత మామూలైనదో ఊహించవచ్చు.

పసిబిడ్డ టోపీని దగ్గరగా చూద్దాం. క్రోషే సూదితో, అంటే కొనకు చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూదితో అల్లేది. మధ్యలో చిన్న రింగు వేసి అందులో 6 కుట్లు అల్లుతారు. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి అల్లితే 12. మూడో చుట్టులో ఒకటి విడిచి ఒకటి పెంచితే 18, తర్వాత 24, 30. చుట్టుకు ఆరేసి చొప్పున పెంచుతూ పోతే టేబుల్ మీద పెట్టిన పళ్లెంలా చదునుగా వస్తుంది. ఆరే ఎందుకంటే, వలయం చుట్టుకొలత వ్యాసార్ధానికి 6.28 రెట్లు. పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం కాబట్టి, ఒక చుట్టు పెరిగితే వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది, చుట్టుకొలత ఆరు కుట్ల పైచిలుకు పెరగాలి. కుట్టు ఎత్తు రెట్టింపు ఉండే పొడుగు కుట్టు వాడితే చుట్టుకు 12 దాకా పెంచాలి. అమ్మమ్మలు ‘ఆరుతో మొదలుపెట్టు’ అని నేర్పినప్పుడు, వాళ్లు పేరు పెట్టకుండానే ‘పై’ (π) విలువను వాడుతున్నారు.

పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ సాగి పట్టుకోవాలి కాబట్టి 33కు అల్లుతారు. 33ను 3.14తో భాగిస్తే పదిన్నర. పళ్లెం అడ్డంగా పదిన్నర సెంటీమీటర్లు కాగానే పెంచడం ఆపేసి, ఉన్న కుట్ల మీదే చుట్లు అల్లుకుంటూ పోతారు. గుడ్డ దానంతట అదే కిందికి వాలి డొప్పలా వంగుతుంది. పెంచడం ఆపడమే వంపును పుట్టించింది.

ఈ టోపీ ముచ్చట కోసం మాత్రమే కాదు. నవజాత శిశువు ఒంటి ఉపరితలంలో తల వాటా సుమారు ఐదో వంతు, పెద్దవాళ్లలో అది పదో వంతు కూడా ఉండదు. పైగా తడి ఒంటితో పుడుతుంది, చర్మం కింద కొవ్వు తక్కువ, వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా రాదు. అందుకే ఉష్ణదేశాల్లో కూడా పుట్టిన బిడ్డలు చల్లబడిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వెచ్చదనపు జాగ్రత్తల్లో వెంటనే తుడవడం, తల్లి ఒంటికి ఆన్చి పడుకోబెట్టడం, తలకు టోపీ పెట్టడం వరుసగా ఉంటాయి. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతిలో నెలలు నిండని బిడ్డ తల్లి గుండెలకు అతుక్కుని ఉంటుంది. ఒంటిమీద ఉండేవి లంగోటీ, టోపీ, కాళ్లకు మేజోళ్లు, అంతే.

మన ఊళ్లలో బిడ్డకు అల్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డిసెంబరులో అరకులోనో ఆదిలాబాద్‌లోనో పనికొచ్చే ఊలు టోపీ మే నెల విజయవాడలో బిడ్డకు హాని చేస్తుంది. చిన్నపిల్లలు ఒంటి వేడిని తలనుంచే ఎక్కువగా బయటికి పంపుతారు కాబట్టి, వెచ్చని గదిలో నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయడమే మేలు. ఎండాకాలపు పుట్టుకలకు పల్చని నూలు దారం సరైనది. ఇంకొకటి: మేజోడు లోపల వదులుగా వేలాడే దారం ఉంటే అది పసివేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేసిన ఉదంతాలు వైద్యులకు బాగా తెలుసు. బిడ్డ ఏడుస్తుంది, ఎందుకో ఎవరికీ తోచదు. కాబట్టి లోపలివైపు తిప్పి ప్రతి కొసనూ గుడ్డలోకి దూర్చి కుట్టాలి. గుండీలు, పూసలు పసిపిల్లల బట్టలకు వద్దు.

చేతి అల్లికను బహుమతిగా ఇవ్వడమనే ఆచారం నిండుగా కనిపించే చోటు బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న లాత్వియా. అక్కడి పల్లెల్లో ఆడపిల్లలు చిన్నప్పటినుంచే చేతితొడుగులు అల్లి పెళ్లిపెట్టెలో దాచేవారు. పెళ్లినాడు అవి పెట్టెలోంచి బయటికొచ్చి వరుడికి, అత్తమామలకు, మరుదులకు, ఆడబిడ్డలకు, పెళ్లి పనిచేసినవాళ్లందరికీ పంచిపెట్టేవారు. తొడుగు అల్లిక ఎంత సన్నగా ఉంటే కోడలు అంత పనిమంతురాలని పేరు. ఆ మర్యాద ఇప్పటికీ చెరగలేదు. 2006లో రీగా నగరంలో నాటో శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు, వచ్చిన అతిథుల కోసం దేశమంతటా అల్లేవాళ్లు 4,500 జతల తొడుగులు చేత్తో అల్లి ఇచ్చారు.

ఆ తొడుగుల అందమంతా రంగుల డిజైన్లలో ఉంటుంది. వాటి వెచ్చదనం కూడా అక్కడినుంచే వస్తుంది. ఒకే వరుసలో రెండు రంగుల దారాలు వాడినప్పుడు, ముందువైపు ఎర్ర కుట్లు పడుతున్నంతసేపూ తెల్లదారం ఊరికే ఉండదు, వెనకవైపు అడ్డంగా సాగిపోతూ ఉంటుంది. తెల్ల కుట్లు పడేటప్పుడు ఎర్రదారమూ అంతే. ఇలా లోపలివైపు దారాల రెండో పొర తయారవుతుంది. రెండు పొరల మధ్య గాలి కదలకుండా నిలుస్తుంది. చలిని ఆపేది ఊలు కన్నా ఎక్కువగా ఊలు పట్టి ఉంచిన గాలే. కదలని గాలి వేడిని ఎంత మందకొడిగా ప్రసరింపజేస్తుందంటే, నీళ్లు దానికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ప్రసరింపజేస్తాయి. అదీగాక ఈ తొడుగులో నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉంటాయి. విడివిడి వేళ్ల గ్లవుజుకన్నా బయటి గాలికి తగిలే ఉపరితలం తగ్గి, వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చగా ఉంచుకుంటాయి. మంచులో మేకులు కొట్టాల్సి వస్తే మాత్రం అది ఇబ్బందే.

ఊలు గురించి కూడా కొంత చెప్పాలి. గొర్రె ఊలు, మన తల వెంట్రుకలు ఒకే ప్రోటీన్. పేరు కెరటిన్. ఊలు పోగు సహజంగానే అలలు అలలుగా వంకర తిరిగి ఉంటుంది, అందుకే పోగులు దగ్గరగా పడుకోలేవు, మధ్యలో గాలి చేరుతుంది. పోగు లోపలి భాగం నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, పీల్చుకునేటప్పుడు కొద్దిపాటి వేడిని కూడా విడుదల చేస్తుంది. పైభాగం మీద పెంకుల్లాంటి పొలుసులుంటాయి. వేడినీళ్లలో వేసి రుద్దితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ కుంచించుకుపోతుంది. వాషింగ్ మిషన్లో పడిన స్వెట్టరు బొమ్మకు సరిపోయేంత అవ్వడం ఇందువల్లే, తిరిగి పెద్దదయ్యే దారి లేదు.

తెలంగాణలో ఊలు ఉంది. దక్కనీ గొర్రెల నల్లటి ఊలును కురుమలు వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి చేస్తారు. వానకూ చలికీ ఒకే బట్ట అది. పోగు ముతక కాబట్టి నేతకు, ఆరుబయటి వాడకానికి తగినది. ఒంటికి ఆనే స్వెట్టరుకు అది గుచ్చుకుంటుంది. పోగు మందం 30 మైక్రాన్లు దాటితే కొనలు వంగకుండా చర్మాన్ని పొడుస్తాయి. ఇక నెల్లూరు గొర్రెకు ఊలే ఉండదు, ఒంటినిండా పొట్టి వెంట్రుకలే. అందువల్ల తెలుగిళ్లలో ‘ఊలుండ’ పేరుతో వచ్చింది చాలాసార్లు ఊలు కాదు, అక్రిలిక్. అది ప్లాస్టిక్ జాతి పోగు. చవక, రంగు దిగదు, మిషన్లో ఉతకవచ్చు, చెమటను మాత్రం నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పీల్చదు, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర తిరిగేవాళ్లకు అది మంచి బహుమతి కాదు.

ఊలు స్వెట్టరు అల్లడం అయిపోగానే దాన్ని తడిపి, పిండి, చాప మీద కొలతకు పరిచి, గుండుసూదులు గుచ్చి ఆరనిస్తారు. ఆరాక ఎగుడుదిగుడు కుట్లన్నీ సర్దుకుని ఉంటాయి. ఇందులో జరిగేది రసాయనం. కెరటిన్ గొలుసుల మధ్య రెండు రకాల బంధాలున్నాయి. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, నీరు చేరగానే తెగి, ఆరేటప్పుడు కొత్తచోట మళ్లీ ముడిపడతాయి. గంధకంతో ఏర్పడే బంధాలు గట్టివి, నీటికి లొంగవు. తడి జుట్టును దువ్వి ఆరబెడితే తిన్నగా నిలిచి, వాన తగలగానే మళ్లీ ఉంగరాలు తిరగడం ఈ రెండు బంధాల పనే. స్వెట్టరు కూడా తడిపి ఆరబెట్టిన కొలతను పట్టుకుని ఉంటుంది, మళ్లీ తడిపితే మళ్లీ సర్దాలి.

ఇదే గుణం ఇంకో కుటుంబ అవసరాన్ని తీర్చింది. పెద్దపిల్లకు పొట్టయిన స్వెట్టరు కొసలాగి విప్పితే దారమంతా వెనక్కి వస్తుంది, లూపుల జ్ఞాపకంగా మెలికలు మెలికలుగా. దాన్ని చిలపగా చుట్టి, తడిపి, బరువు కట్టి వేలాడదీస్తే మెలికలు తిన్నబడతాయి. రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ ఉన్నప్పుడు, ఇలా విప్పి మళ్లీ అల్లుకొమ్మని ప్రభుత్వమే ప్రచారం చేసింది. కత్తిరించి కుట్టిన చొక్కాను విప్పితే ముక్కలే మిగులుతాయి. అల్లినదాన్ని విప్పితే మొదలుపెట్టిన దారమే మిగులుతుంది. ఒకే ఊలు అక్కకు స్వెట్టరై, తమ్ముడికి టోపీ, మేజోళ్లయి ఇంట్లో తిరుగుతూ ఉంటుంది.

కొలత కుదరకపోవడం కొత్తవాళ్లను బాగా నిరాశపరిచే విషయం. ఇద్దరు ఒకే దారం, ఒకే సూదులు, ఒకే పుస్తకం పట్టుకుని అల్లినా రెండు స్వెట్టర్లు ఒక్కటిగా రావు. ఒకరి చేయి బిగువు, ఒకరిది వదులు. పుస్తకం 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అన్నచోట చేతికి 20 పడుతున్నాయనుకుందాం. 80 సెంటీమీటర్ల చుట్టుకొలతకు వేసిన 176 కుట్లు 88 సెంటీమీటర్లవుతాయి. నాన్నగారి కోసం మొదలుపెట్టింది ఆయనకన్నా లావుగా ఉన్న పెదనాన్నగారికి సరిపోతుంది. ముందుగా ఒక చిన్న చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలిచి చూడడం ఇందుకే. ఆ గంట వృథా కాదు.

కుట్లు పెంచడం ఆపితే డొప్ప వస్తుందని చూశాం. ఆరుకు బదులు ఎనిమిదో పదో పెంచుతూ పోతే? గుడ్డ చదునుగా ఉండలేదు, చోటు చాలక అంచు కుచ్చిళ్లు పడుతుంది. కోడిజుట్టు పువ్వు అలా ముడతలు పడేది కూడా అంచు వేగంగా పెరగడం వల్లే. గణితంలో దీన్ని హైపర్బోలిక్ ఉపరితలం అంటారు. ఒక గీతకు బయట ఉన్న బిందువు గుండా ఆ గీతను ఎన్నటికీ తాకని గీతలు ఒకటి కాదు, ఎన్నయినా గీయగలిగిన చోటు అది. అక్కడ త్రిభుజం కోణాలు కలిపితే 180 డిగ్రీలకు తక్కువే. 19వ శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోల్యాయ్ దీన్ని కాగితం మీద కనిపెట్టారు గాని, విద్యార్థుల చేతికి ఇచ్చి చూపడం కష్టమైంది. 1970ల్లో విలియం థర్స్టన్ కాగితపు పట్టీలు అతికించి నమూనా చేశాడు. అది చేతులు పడితే చిరిగిపోయేది.

1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డైనా టైమినా ఆ కాగితం నమూనా చూసింది. ఆమె రీగాలో పుట్టిన లాత్వియా మనిషి, చిన్నప్పుడే అల్లిక నేర్చుకుంది. ముందు రెండు సూదులతో ప్రయత్నించింది. ఆ దారి కుదరలేదు, ఎందుకంటే నిట్టింగులో ఒక వరుసలోని లూపులన్నీ ఒకేసారి సూది మీద ఉండాలి. ప్రతి 5 కుట్లకు ఒకటి పెంచితే వరుస 1.2 రెట్లవుతుంది, 10 వరుసలకు 6 రెట్లు, 20 వరుసలకు 38 రెట్లు. 20 కుట్లతో మొదలుపెడితే ఇరవై వరుసలు దాటేసరికి ఏడు వందల అరవై పైచిలుకు. అన్ని లూపులను ఏ సూది మోస్తుంది? క్రోషేలో ఎప్పుడూ తెరిచి ఉండేది ఒకే ఒక్క లూపు, మిగతావన్నీ అప్పటికే మూసుకుని ఉంటాయి. ఆమె కొక్కెం సూది తీసుకుంది. వచ్చిన గుడ్డను మడవవచ్చు, మడత మీద దారంతో తిన్నని గీతలు కుట్టవచ్చు, ఆ గీతలు ఒకదానికొకటి ఎలా దూరమవుతున్నాయో వేలితో తడిమి చూడవచ్చు. ఆమె రాసిన పుస్తకానికి 2012లో గణితశాస్త్ర గ్రంథాలకిచ్చే ఆయిలర్ బహుమతి వచ్చింది. పెళ్లిపెట్టెల దేశం నుంచి వచ్చిన చేతిపని గణితజ్ఞులు చాలాకాలం ఎక్కువగా మనసులోనే చూసినదాన్ని ఒడిలోకి తెచ్చింది. 2005లో మార్గరెట్, క్రిస్టిన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్లు లాస్ ఏంజెలెస్‌లో ఇదే పద్ధతితో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. ఎన్నో నగరాల్లో వేలమంది ఆ పనిలో చేరారు.

నిట్టింగును యంత్రం చాలా ముందే నేర్చుకుంది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే చట్రం కనిపెట్టాడు. వరుసలోని లూపులన్నీ క్రమంగా బారులు తీరి ఉంటాయి కాబట్టి ప్రతి లూపుకూ ఒక కొక్కెం పెట్టి వరుసంతా ఒకేసారి లాగవచ్చు. తిరుప్పూరులో తయారయ్యే బనియన్లన్నీ ఆ ఊహకు మనవళ్లే. క్రోషే యంత్రానికి లొంగలేదు. కొక్కెం ఎప్పుడైనా ఏ దిక్కుకైనా, ఇంతకుముందు అల్లిన ఏ కుట్టులోకైనా వెళ్లవచ్చు. వెళ్లాల్సిన చోటు కళ్లు చూసి, వేళ్లు తడిమి నిర్ణయిస్తాయి. జర్మనీలో పరిశోధకులు నమూనా యంత్రాలు చేశారు, ఫ్యాక్టరీలో నడిచేది మాత్రం లేదు. బజారులో ‘క్రోషే మిషన్’ పేరుతో ఉన్నవి చేసేది వేరే రకం అల్లిక.

క్రోషే చేతిపనిగానే మిగలడమంటే ఏమిటో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లకు బాగా తెలుసు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు 1844 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని ఆ ఊళ్లలో చెప్పుకుంటారు. సన్నని నూలు దారం, కొక్కెం సూది. టేబుల్ క్లాత్‌లు, డాయిలీలు, కాలర్లు ఓడలెక్కి యూరప్ వెళ్లాయి. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి అధ్యయనం చేసి 1982లో ప్రచురించిన పుస్తకం ప్రపంచమంతటా పాఠ్యమైంది. ఆమె చూపింది ఇది: గడప లోపల కూర్చుని రోజూ గంటల తరబడి ఎగుమతి సరుకు అల్లుతున్నవాళ్లను అందరూ గృహిణులనే పిలిచారు, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపమనే లెక్కవేశారు. కాలక్షేపానికి కూలి ఎంతిస్తారు? దారం ఏజెంటు ఇస్తాడు, తయారైనది తీసుకుపోతాడు, ముక్కకింత అని చేతిలో పెడతాడు. బిడ్డకు ప్రేమతో అల్లే టోపీకి వెల కట్టక్కర్లేదన్న మాటను, అమ్మకానికి అల్లే పనికి కూడా తెలివిగా అంటగట్టారు. ఇది అన్యాయం. పని ఇంట్లో చేసినంత మాత్రాన గంటలు తగ్గిపోవు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు ఇతర చోట్ల తయారైన సరుకు మీద వేయకూడదు. అయితే మిషను లేసు చూడగానే అచ్చం అలాగే ఉంటుంది, ధరేమో చాలా తక్కువ. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చేతి క్రోషేలో ఒక్కో ముక్కను ఒకే దారం అల్లుకుంటూ పోతుంది. చివరి కుట్టు ముడి కనిపెట్టి, ఆ కొసను విప్పి లాగితే కుట్లు ఎక్కిన వరుసలోనే ఒకదాని వెంట ఒకటి వెనక్కి ఊడుతూ వస్తాయి. మిషను గుడ్డలో పదుల కొద్దీ దారాలు పక్కపక్కన నిలువుగా పోతుంటాయి, అలా ఒకే కొసను పట్టుకుని అంతా విప్పడం కుదరదు. కొనేముందు ఊడదీయమని ఎవరూ అడగరు గాని, తిప్పి వెనకవైపు చూస్తే కొసలు ఎన్ని, ఎక్కడెక్కడ దాచారో తెలుస్తుంది. ఆ తర్వాత అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది అల్లడానికి ఎన్ని గంటలు పట్టింది, అందులో అల్లినావిడకు దక్కింది ఎంత?